సవరణకు కారణం

"అందరూ ఉన్నరు మేడం. లెక్కల్నే తక్కువున్నరు."

మంగళవారం పొద్దున్నే చర్ల నుంచి ఫోన్లో రాంబాబు ఈ మాట నాలుగోసారి అనేసరికి ప్రసూనకు ఒళ్లు మండిపోయింది.

"అందరూ ఉంటే లెక్కలో ఎలా తగ్గుతారు రాంబాబూ? ఈతగుంపు నుంచి మీరు పంపిన ఫారాలు ఎన్ని?"

"అరవై ఒకటి."

"ఇక్కడ డేటాబేసులో ఉన్నవి నలభై మూడు. అంటే పద్దెనిమిది మంది లేరు. ఆ లేనివాళ్ల పేర్లు చెప్పండి చాలు, మిగతాది నేను చూసుకుంటా."

"లేనోళ్లు ఎవ్వరు లేరు మేడం. ఒక్కొక్క పేరు కొట్టి చూసిన. కొట్టిన పేరల్లా వస్తున్నది."

"మరి నాకు నలభై మూడే ఎందుకు కనబడుతున్నాయి?"

"నేను గదే మిమ్మల్ని అడుగుతున్న."

ప్రసూన ఫోను పెట్టేసి నుదురు కొట్టుకుంది. ఖమ్మంలో వైరా రోడ్డు మీద, టైర్ల దుకాణం పైన వాళ్ల ఆఫీసు. కింద గాలి మిషను నడిచినప్పుడల్లా పైన కుర్చీలు సన్నగా వణుకుతాయి. ఆరుగురు పనిచేసే ఆ చోట ప్రోగ్రాం రాసేది ఆమె ఒక్కతే. మిగతావాళ్లు దాన్ని అమ్మేవాళ్లు, దాని గురించి ఉత్తరాలు రాసేవాళ్లు, అది మొరాయించినప్పుడు వచ్చి ఆమె కుర్చీ వెనకాల నిలబడేవాళ్లు.

ఈసారి ప్రోగ్రాం పోడు భూములది. అడవి అంచున తరాలుగా దున్నుకుంటున్న చెలకలకు హక్కు కాగితం రావాలంటే ముందు పేరు నమోదు కావాలి. రాంబాబు లాంటి ఆపరేటరు ట్యాబు పట్టుకుని ఊరికి వెళ్తాడు. మనిషి ఇంటిపేరు, పేరు, ఊరు రాసుకుంటాడు. ఆ మనిషితో కలిసి చేను చుట్టూ నడుస్తాడు, నడిచిన దారి ట్యాబులో హద్దు గీతగా పడుతుంది. సాయంత్రం సిగ్నలున్న చోటికి వచ్చి పంపుతాడు. ఆకుపచ్చ టిక్కు పడితే పని అయినట్టు. శనివారం సాయంత్రం ఐదింటికి జాబితా మూసేస్తారు. అందులో లేని చెలకను ఈ వానలకు దున్ననివ్వరు, గుంటలు తీసి మొక్కలు నాటేస్తారు. ఈతగుంపులో పద్దెనిమిది కుటుంబాలకు ఆ గతి పట్టబోతోంది. అవి ఏ కుటుంబాలో మాత్రం దేవుడికే తెలియాలి.

ఆమె మళ్లీ కోడు తెరిచింది. ప్రతి ఫారాన్నీ ప్రోగ్రాం ఒక ఆబ్జెక్టుగా మూటగట్టి డేటాబేసుకు అప్పజెబుతుంది. అప్పజెప్పడానికి ప్రపంచమంతా వాడే పద్ధతి ఒకటుంది. అందులో 'పర్సిస్ట్' అంటే కొత్తగా చేర్చు అని. 'మర్జ్' అంటే అదివరకే ఉంటే దాని మీదే సరిదిద్దు, లేకపోతే చేర్చు అని. ప్రసూన కావాలనే మర్జ్ వాడింది. చర్ల సిగ్నలుకు ఆపరేటర్లు ఒకే ఫారాన్ని మూడుసార్లు నొక్కుతారు, మూడుసార్లు నొక్కినా మనిషి ఒక్కడుగానే ఉండాలి కదా. ఇంతకన్నా శుభ్రమైన పని ఇంకెవరు చేస్తారని అప్పట్లో మురిసిపోయింది కూడా.

పరీక్షించడానికి తన పేరుకే చివర అంకె అతికించి పంపింది. ప్రసూన ఒకటి, ప్రసూన రెండు, ప్రసూన మూడు, అలా ఇరవై దాకా. ఇరవైకి ఇరవై బుద్ధిగా వెళ్లి కూర్చున్నాయి. ఒక్క తప్పు లేదు. తప్పు కనబడితే తిట్టుకోవచ్చు, అన్నీ సరిగ్గా ఉన్నాయని చెప్పే మిషనును ఏమనాలి?

మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెరవబోతూ సవరణల పట్టిక చూసింది. అదివరకే ఉన్న రికార్డు మారితే కారణం చెప్పాలి, కారణం చెబితేనే టిక్కు పడుతుంది. ఆ ఏర్పాటు కూడా తనదే. ఈతగుంపు కింద సవరణలు సరిగ్గా పద్దెనిమిది. పద్దెనిమిదింటికీ కారణం ఒక్కటే. ఆపరేటర్ పొరపాటు.

"సార్!" అని కేక పెట్టింది.

ఉదయ్ భాస్కర్ లోపలి గదిలోంచి వచ్చాడు. ఆఫీసు ఆయనదే. తెర మీదికి వంగి చూసి, తొడ చరిచినంత పని చేశాడు.

"దొరికాడు! ఒక్కో మనిషిని రెండేసి సార్లు ఎక్కించి అరవై ఒకటని లెక్క చూపించాడమ్మా. పద్దెనిమిదీ బోగస్. పైగా పొరపాటు నాదేనని వాడే నొక్కి ఒప్పుకున్నాడు. ఇంకేం కావాలి?"

"నాకూ అలాగే అనిపిస్తోంది సార్."

"అనిపించడం కాదు. కాగితం రాస్తాను. నువ్వు రేపే చర్ల వెళ్లి వాడి చేత సంతకం పెట్టించుకునిరా. పై ఆఫీసు వాళ్లు సంతకం లేనిదే ఊరుకోరు."

వాడి తర్వాతి బతుకేమిటని ఆయనా అనలేదు, ప్రసూనా అడగలేదు. నాలుగు రోజులుగా తన ప్రోగ్రామునే దొంగగా చూస్తున్న వాళ్లందరికీ సమాధానం దొరికింది, ఆమెకు అదే పదివేలు.

బుధవారమంతా బస్సులోనే గడిచింది. కొత్తగూడెంలో అరగంట ఆగింది, భద్రాచలంలో దిగి మరో బస్సు ఎక్కింది. దుమ్ముగూడెం దాటాక రోడ్డు గుంతలకు తల కిటికీకి కొట్టుకుంటూనే ఉంది. ప్లాస్టిక్ కవర్లో పెట్టిన ఆ కాగితం ఒళ్లో భద్రంగా ఉంది. చర్ల బస్టాండులో రాంబాబు బండితో నిలబడి ఉన్నాడు. ముప్పై లోపు మనిషి, సన్నగా, ఎండకు కమిలిన మొహం. ట్యాబును అమ్మవారి పటంలా రెండు పాలిథిన్ కవర్లలో చుట్టి మెడకు తగిలించుకున్నాడు. ఫోన్లో విన్న గొంతుకు తాను ఊహించుకున్న మొండి మొహం ఇది కాదు.

"సంతకం సంగతి సార్ చెప్పిండు మేడం. పెడ్త. గని ముందు ఒక్కసారి ఊరు చూసి పోండ్రి. ఈడిదాక వచ్చిన్రు."

"చూస్తే ఏం మారుతుంది?"

"ఏమో. నాకైతే సమజైత లేదు, మీకన్న అయితదేమో."

గురువారం పొద్దున బండి మీద బయలుదేరారు. పోలీసు క్యాంపు దగ్గర ఆపి పేర్లు రాయించుకుని వదిలారు. అక్కడి నుంచి ఫోన్లో సిగ్నలు గీతలు ఒక్కొక్కటీ రాలిపోయాయి. వాగు దగ్గర బండి ఆపి మోకాళ్ల లోతు నీళ్లలో నడిచారు. ప్రసూన చెప్పు ఒకటి తెగింది. దీనికంతటికీ కారణమైన మనిషి ముందు నడుస్తూ, "జారుతది మేడం, ఇటు అడుగెయ్యిన్రి" అంటుంటే ఆమెకు కోపమూ పూర్తిగా రాలేదు, పోనూ లేదు.

ఈతగుంపు జనం అప్పటికే రచ్చబండ దగ్గర చేరి ఉన్నారు. ముందు వరసలో పగిడయ్య అనే ముసలాయన మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు. ప్రసూన ట్యాబు తీసుకుని, బడిలో పంతులమ్మలా గొంతు సవరించుకుంది.

"నేను పేరు చదువుతాను. చదివినవాళ్లు లేచి అటు వెళ్లి కూర్చోవాలి. చివరికి ఇక్కడ ఎవరు మిగిలితే వాళ్లు జాబితాలో లేనట్టు. సరేనా? ఎవరూ మిగలకపోతే రాంబాబు సంగతి తేలిపోతుంది."

మొదటి పేరుకు ఒకాయన లేచాడు. రెండో పేరుకు ఒకావిడ. మూడో పేరు సోడె ముత్తక్క.

ఐదుగురు లేచారు.

"ఒక్కరే లేవండమ్మా. ముత్తక్క ఒక్కరే."

ఐదుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఐదుగురూ అటు వెళ్లి కూర్చున్నారు. వాళ్లలో అరవై దాటిన ఆవిడ ఉంది, చంకలో బిడ్డతో ఇరవై ఏళ్ల పిల్ల ఉంది. ప్రసూనకు చిర్రెత్తుకొచ్చింది.

"నాతో ఆటలా? ముత్తక్క ఎవరు?"

"నేనే," అన్నది పెద్దావిడ.

"నేను గూడ," అన్నది చంకలో బిడ్డ ఉన్న పిల్ల.

పగిడయ్య మెల్లగా అడిగాడు. "ఏ ముత్తక్క గావాలె బిడ్డా నీకు?"

ముసలాయన చేయి చాపి ఒక్కొక్కరినే చూపించాడు.

"ఇది ఇప్పచెట్టు ముత్తక్క. గది మేకల ముత్తక్క. వాగవతలి ముత్తక్క. ఎర్రగుట్ట ముత్తక్క. గా పసిపిల్ల ఉన్నది చిన్న ముత్తక్క. మా గుంపుల పోయినోళ్ల పేరు పుట్టినోళ్లకు పెడ్తం. మనిషి పోతే పోతరు, పేరును పోనియ్యం. నా పేరుటోళ్లే నలుగురం ఉన్నం."

ఆమె అక్కడే కూలబడింది. ఏ ఫారం ఎవరిదో గుర్తుపట్టడానికి తాను పెట్టుకున్నవి మూడే. ఇంటిపేరు, పేరు, ఊరు. ఆధార్ సగం మందికి లేదని తీసేసింది. భర్త పేరు కొందరు ఖాళీ వదులుతున్నారని అదీ తీసేసింది. ఇప్పచెట్టు ముత్తక్క ఫారం వెళ్లింది. తర్వాత మేకల ముత్తక్క ఫారం వెళ్తే, ముత్తక్క అదివరకే ఉంది కదా అని ప్రోగ్రాం మొదటి ఆవిడ చేను తుడిచేసి రెండో ఆవిడ చేను రాసింది. ఆ తర్వాత మూడో ఆవిడ. చెప్పినట్టే చేసింది. పేరు కొడితే పేరు వస్తుంది, మనుషులు మాత్రం నలుగురు గల్లంతు. రాంబాబు మొదటి నుంచీ మొత్తుకుంటున్నది అక్షరాలా నిజం. అందరూ ఉన్నారు, లెక్కలోనే తక్కువున్నారు.

"మరి మీకు తెలుసు కదా రాంబాబూ, ఐదుగురున్నారని! నాకు ముందే ఎందుకు చెప్పలేదు?"

రాంబాబు నేల చూశాడు. "చెప్పిన మేడం. ముందటి ఊర్ల పేరు ముంగట చెట్టు, మేకలు అని గిట్లనే గుర్తు రాసిన. మీరు ఫోన్ చేసి తిట్టిన్రు. పేరు డబ్బాలో చెట్లూ మేకలూ ఏంటని. తెల్లారి నుంచి ఆ డబ్బ ఒక్క మాటకన్న ఎక్కువ తీసుకోలే."

గుర్తొచ్చింది. డేటా చెత్తగా తయారవుతోందని విసుక్కుంటూ, ఒక పూటలో ఆ అడ్డు తానే కట్టింది. భేష్ అన్నాడు ఉదయ్ భాస్కర్. మొన్న పరీక్షకు తన పేరు రాసుకున్నప్పుడు మాత్రం ప్రసూన ఒకటి, ప్రసూన రెండు అని పక్కన గుర్తులు పెట్టుకుంది. తనకు అవసరమైనప్పుడు గుర్తు. వాళ్లు పెట్టుకుంటే చెత్త.

"మరి సవరణకు కారణం అడిగినప్పుడు?"

"అడిగింది. కొత్త మనిషిని ఎక్కిస్తుంటే సవరణ ఏందని మీకు ఫోన్ చేసిన. ఏదో ఒకటి నొక్కండి, నాకు పనుంది అన్నరు."

"ఏదో ఒకటి అంటే మీ పొరపాటేనని నొక్కుతారా? పద్దెనిమిది సార్లు?"

"అండ్ల ఉన్నయి మూడే మేడం. ఆపరేటర్ పొరపాటు, దరఖాస్తుదారు తప్పు చెప్పారు, పత్రాలు సరిగ్గా లేవు. కడమ రెండు నొక్కితే తప్పు ఈళ్ల మీద పడ్తది. ఫారం పక్కకు పెడ్తరు. గందుకని నా మీదేసుకున్న."

ఆ మూడు కారణాలూ రాసింది ప్రసూనే. ఒక చల్లటి మధ్యాహ్నం, ఏసీ గదిలో, టీ తాగుతూ. ప్రోగ్రాం తప్పు కావచ్చన్న నాలుగో కారణం ఆ పూట ఆమె మనసుకే రాలేదు. సంచిలో ఉన్న కాగితం ఒక్కసారిగా ఇటుకంత బరువైంది.

మేకల ముత్తక్క వచ్చి ట్యాబులోకి తొంగిచూసింది. యాభై ఏళ్ల మనిషి, నడుములో కొడవలి. ముత్తక్క పేరు మీద మిగిలిన హద్దు గీతను వేలితో తడిమి, "ఇది నాది గాదు. ఈ వంపు వాగు కాడిది. వాగవతలి ముత్తక్కది," అంది. "నాది యాడ ఉన్నది?"

"పోయిందక్కా."

"పోవుడేంది? పచ్చగ వచ్చింది గద ఆనాడు. నేను చూసిన."

"పచ్చగా వచ్చినా పోయింది. తప్పు నాది. మళ్లీ నడవాలి."

ముత్తక్క ఆమెను ఎగాదిగా చూసింది. తిడుతుందనుకుంది ప్రసూన. తిడితే బాగుండుననీ అనుకుంది. ముత్తక్క తెగిన చెప్పు వంక చూసి, "ముండ్లుంటయి. ఒట్టి కాళ్లతోని ఎట్ల నడుస్తవు?" అని లోపలికెళ్లి ఎవరివో రబ్బరు చెప్పులు తెచ్చి పడేసింది.

ఆ మధ్యాహ్నం రాంబాబు ఆమెను క్యాంపు దాకా దింపి, తాను వెనక్కి వెళ్లి నడక మొదలుపెట్టాడు. ప్రసూన చర్లలో అతని కిరాయి గదిలో, నులకమంచం మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది. ఇకనుంచి ఫారం తెరిచిన క్షణమే ట్యాబు దానికొక నెంబరు వేస్తుంది. మనిషిని పట్టించేది ఆ నెంబరే, పేరు కాదు. ఎన్నిసార్లు నొక్కినా ఆ నెంబరు ఒక్కటే, ఎందరు ముత్తక్కలు వచ్చినా ఎవరి నెంబరు వాళ్లదే. పేరు పక్కన 'ఊళ్లో పిలిచే గుర్తు' అని కొత్త డబ్బా పెట్టి, ఎన్ని మాటలైనా రాసుకొమ్మని వదిలేసింది. ఈసారి ప్రసూన పేరునే ఇరవై సార్లు, ఏ గుర్తూ లేకుండా పంపింది. ఇరవై వెళ్లాయి. మూడు గంటల పని. ఈ మూడు గంటలు ఆనాడే పెట్టి ఉంటే ఇంత గోల ఉండేది కాదు కదా అని తనను తానే తిట్టుకుంది.

ఉదయ్ భాస్కర్ ఫోను ఎత్తగానే, "పెట్టాడా సంతకం?" అన్నాడు.

ఆమె జరిగిందంతా చెప్పింది.

"సరే. సరిచేశావుగా, బయటికి పొక్కనీకు. సంతకం మాత్రం తీసుకో. ప్రోగ్రాం తప్పని తెలిస్తే పై ఆఫీసు వాళ్లు మనకు మళ్లీ పనివ్వరు. ఆపరేటరు అయితే ఇవాళ ఇతను, రేపు ఇంకొకడు."

"అతనిది తప్పు కాదు కదా సార్."

"కాదని ఎవరన్నారమ్మా? నొక్కింది వాడేగా!"

మంగళవారం నాడు ఇదే మాటకు తాను తల ఊపానని గుర్తొచ్చి, ప్రసూన ల్యాప్‌టాప్ మళ్లీ తెరిచింది.

శుక్రవారం పొద్దున్నే మళ్లీ వాగు దాటి, ల్యాప్‌టాప్ నుంచి ట్యాబులోకి కొత్త ప్రోగ్రాం ఎక్కించింది. పద్దెనిమిది చెలకల్లో ఏడు రాంబాబు ఒక్కడే చుట్టేశాడు. మిగిలిన పదకొండింటికీ ఆమె వెంట నడిచింది. హద్దు అంటే తెర మీద గీత అనుకుందామె ఇన్నాళ్లూ. మేకల ముత్తక్క తన చేను చుట్టూ ముందు నడుస్తూ కొడవలితో ముళ్లకంప పక్కకు నెట్టి, కాలిన మొద్దు దగ్గర ఆగి దాని మీద చెయ్యి వేసేది. రాంబాబు ట్యాబు తల పైకెత్తి పట్టుకుని, గుర్తు పడేదాకా బిగుసుకుపోయి నిలబడేవాడు. "పడ్డది," అంటే ముత్తక్క మళ్లీ కదిలేది. రాయి, మొద్దు, పుట్ట, మళ్లీ రాయి. ఒక మూల దగ్గర ఆవిడ పది అడుగులు లోపలికి జరిగి నడిచింది.

"అటు కూడా మీదే కదక్కా, దున్ని ఉంది," అంది ప్రసూన.

"పోయినేడు దున్నిన. గీ చెట్టు మీద పిట్టలు గుడ్లు పెట్టినయి, ఈయేడు ఇడిసిన. ఇడిసింది రాయొద్దు."

శుక్రవారం చీకటి పడే లోపు పదహారు అయ్యాయి. శనివారం మధ్యాహ్నానికి ఆఖరి రెండూ అయ్యాయి. అప్పటికి ఆకాశం నల్లబడింది, తొలకరి ఏ క్షణమైనా పడేలా ఉంది. రాంబాబు బండి తీస్తుంటే మేకల ముత్తక్క కొంగు బిగించి వెనక్కి ఎక్కి కూర్చుంది.

"నువ్వు యాడికి?" అన్నాడు రాంబాబు.

"చర్లకు. ఆ పచ్చ గుర్తును నేను నమ్మ. నా చేను యాడ కూసుంటదో నా కండ్లతోని చూస్త."

ముగ్గురూ ఇరుక్కుని చర్ల చేరేసరికి నాలుగు దాటింది. గదిలో కరెంటు లేదు, సిగ్నలు రెండు గీతలు. మొదటి ఫారం పంపడానికి రాంబాబు వేలు ఆనించగానే తెర అడిగింది. ముసాయిదా లెక్క పై ఆఫీసుకు వెళ్లాక చేరే ప్రతి ఫారానికీ అది అడుగుతుంది.

సవరణకు కారణం?

అతని వేలు ఆలోచించకుండానే పై వరసకు, అలవాటైన చోటికి వెళ్లింది. ప్రసూన అతని మణికట్టు పట్టుకుని ఆపింది.

"కిందికి జరపండి."

జరిపాడు. పాత మూడింటి కింద నాలుగో వరస ఉంది. రాంబాబు పెదవులు కదుపుతూ కూడబలుక్కున్నట్టు చదివాడు.

ప్రోగ్రాం రాసినవారి తప్పు. రాసినవారు: ప్రసూన.

అతను ఆమె వైపు చూశాడు. "ఇది నొక్కితే మీ పేరు పైదాక పోతది మేడం."

"పోవాలనే పెట్టాను."

"ఒక్కసారి గాదు. పద్దెనిమిది సార్లు పోతది."

"మీ పేరు పోలేదా పద్దెనిమిది సార్లు?"

రాంబాబు వేలు నాలుగో వరస మీదికి జరిపాడు. నొక్కాడు. తెర మీద చక్రం తిరిగి తిరిగి, ప్రాణం తీసి, ఆఖరికి టిక్కు పడింది. రెండోది. మూడోది. తొమ్మిదో దాని దగ్గర సిగ్నలు పోయి, గుమ్మంలోకి వెళ్లి చెయ్యి పైకెత్తి నిలబడితే తిరిగొచ్చింది. పదమూడోది రెండుసార్లు నొక్కబడింది, అయినా ఒక్కటిగానే వెళ్లింది. అది చూసి ప్రసూనకు నాలుగు రోజుల్లో మొదటిసారి నవ్వొచ్చింది. నాలుగూ యాభై రెండుకు పద్దెనిమిదోది వెళ్లింది. ఈతగుంపు పేరు పక్కన అరవై ఒకటి అని పడింది.

అప్పుడే ఫోను మోగింది. ఉదయ్ భాస్కర్.

"ఏమైంది? సంతకం పెట్టించావా, లేదా?"

"అయింది సార్. పద్దెనిమిది సంతకాలు. అన్నీ నావే. మీరు తెర మీద చూసుకోవచ్చు."

ఆయన అరుస్తుండగానే మర్యాదగా "ఉంటాను సార్" అని పెట్టేసింది. రేపు ఆ ఆఫీసులో తన కుర్చీ ఉంటుందో ఉండదో ఆమెకు తెలియదు. భయం వేసింది కూడా, లేదనడం అబద్ధం. సంచిలోంచి ఆ కాగితం తీసి రాంబాబు చేతిలో పెట్టింది. అతను దాన్ని నాలుగు మడతలు పెట్టి ఊగుతున్న మంచం కోడు కింద దోపాడు.

"నాది చూపియ్యి," అంది ముత్తక్క.

రాంబాబు ముత్తక్క అని కొట్టాడు. ఐదు వరసలు వచ్చాయి, ఒకదాని కింద ఒకటి. ఆవిడకు చదువు రాదు. ఐదింటినీ వేలితో లెక్కపెట్టుకుని, ఐదని తేలాక తల పంకించింది. మూడో వరస మీద ఆవిడ వేలు ఆగినప్పుడు ఆ ఒత్తిడికి అదే తెరుచుకుని, చేను హద్దు గీత తెర నిండా పరుచుకుంది. ముత్తక్క దాన్ని మొహానికి దగ్గరగా పట్టుకుంది. రాయి, మొద్దు, పుట్ట దగ్గర్నుంచి వేలు నడిపించుకుంటూ వచ్చి, ఒక మూల దగ్గర గీత లోపలికి వంగిన చోట ఆగింది.

"గిది పిట్టల చెట్టు," అంది. "ఇది నాదే."